చెవిలో సున్నపు నలుసు

మంచం మీద ఎడమ నుంచి కుడికి తిరగడం కూడా ఒక పనేనని నిరుడు ఎండాకాలం దాకా నాకు తెలియదు. మీకూ తెలిసి ఉండదు, తెలియకపోతేనే మంచిది. ఆ చిన్న పనికి మెదడు ఎంతమంది సాక్ష్యం తీసుకుంటుందో, వాళ్ళలో ఒక్కరు తప్పుడు సాక్ష్యం చెబితే మనిషి బతుకు ఏమవుతుందో నేను అనుభవించాను. కోపం తగ్గాక రాయండి అని నాకు నయం చేసిన డాక్టరమ్మ అన్నది. అది తగ్గేట్టు లేదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను.

నా పేరు శీనయ్య. పులికాట్ సరస్సు ఒడ్డున చిన్న ఊరు మాది. పదో తరగతి దాకా చదివి, తర్వాత నాన్న పడవ ఎక్కాను. నాన్న తాగి తాగి పోయాడు. ఆయన్ను ఒడ్డు మీద నుంచి ఇంటికి చేర్చే పని చిన్నప్పుడు నాదే. ఆయన చొక్కాకు అంటిన వాసన, దారిలో జనం నవ్వు నాకింకా గుర్తే. అందుకే కల్లు గానీ బ్రాందీ గానీ నేను నోట పెట్టలేదు. పెళ్ళిళ్ళలో "శీనయ్యకు సోడా పొయ్యండ్రా" అని ఆటపట్టించేవాళ్ళు. ఆ ఎగతాళి నాకు లోపల్లోపల గొప్పగానే ఉండేది.

మా సరస్సులో ఎవరికి తోచిన చోట వాళ్ళు వల వేయడానికి లేదు. రొయ్య బాగా పడే చోట్లకు వంతులుంటాయి. దసరా దాటి వచ్చే పెద్ద వానలకు ముందు ఊరంతా కూర్చుని ఏ ఇంటికి ఏ వంతో తేల్చుకుంటారు. వంతు ఉన్నవాడికే ఊళ్ళో మాట ఉంటుంది. దానికో కట్టుబాటు కూడా ఉంది. తాగి పడవ ఎక్కినవాడికి ఆ ఏడు వంతు ఉండదు. మంచి కట్టుబాటే, కాదనను. ఒకడు తాగితే వల రెండో కొస పట్టుకున్నవాడు మునిగిపోతాడు. నాన్నకు వంతు అలాగే పోయింది. నేను పడవ ఎక్కాకే మళ్ళీ మా ఇంటికి వచ్చింది.

ఎండాకాలం

మొదటిసారి తెల్లవారుజామున వచ్చింది. మెలకువ వచ్చి కుడివైపుకు తిరిగానో లేదో, ఇంటి కప్పు గిర్రున తిరిగింది. కళ్ళు తిరగడమంటే ఎండలో నిలబడితే చీకట్లు కమ్మడమే అనుకునేవాణ్ణి. ఇది అది కాదు. దూలం నిజంగానే ఒక పక్కకు పరుగెత్తుతోంది, వెనక్కి వచ్చి మళ్ళీ పరుగెత్తుతోంది. మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకుని, అయిపోయింది, ఇక నా పని సరి అనుకున్నాను. నిమిషంలోపే ఆగింది. ఆ తర్వాత వాంతి అయింది.

నా భార్య కాంతమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏమయ్యా, ఏందిది?"

"ఇల్లు తిరగతా ఉండాదే."

"ఇల్లు యాడ తిరగతాది? పైత్యం చేసుంటాది. నిమ్మకాయ పిండి ఇస్తా, తాగి పడుకో."

పడుకోవడంతోనే కదా తంటా. పడుకుంటే తిరుగుడు, లేస్తే తిరుగుడు, చూరులో దోపిన గరిటె కోసం తల పైకెత్తితే తిరుగుడు. నిటారుగా కూర్చుంటే మాత్రం ఏమీ లేదు. నాలుగు దినాలకే నాకు దాని గుణం తెలిసిపోయింది. తల వంచినా, ఎత్తినా, కుడికి పడుకున్నా వస్తుంది, కదలకుండా ఉంటే పోతుంది. తర్వాత నేను చూసిన ప్రతి డాక్టరుకూ ఈ మాటే చెప్పాను. జబ్బేమిటో ఆ మాటలోనే ఉంది. కార్తీకం దాకా ఎవరూ పూర్తిగా వినలేదు.

పడవ మీద పడిపోయిన రోజు నాతో ఉన్నది మా బావ రమణయ్య, కాంతమ్మ అన్న. వల కట్టిన గుంజ దగ్గర ముడి విప్పుదామని వంగాను. సరస్సు లేచి నా మీదికి వచ్చింది. మరుక్షణం మొలలోతు నీళ్ళలో బోర్లా ఉన్నాను. పక్క పడవల్లో వాళ్ళు ముందు నవ్వారు. నేను లేవబోయి మళ్ళీ కూలబడితే నవ్వు ఆగిపోయింది. ఎవరో ఒకడు నెమ్మదిగానే అన్నాడు, కానీ నీళ్ళ మీద మాట బాగా వినిపిస్తుంది.

"నాయన పోలిక యాడికి పోతాది?"

బావ నన్ను పైకి లాగాడు. చొక్కా సర్దుతున్నట్టుగా నా మొహం దగ్గర మొహం పెట్టి వాసన చూశాడు. ఏ వాసనా రాకపోయేసరికి నమ్మాడనుకున్నాను. "ఏం తాగితే వాసన రాదు శీనా?" అని అడిగాడు.

ఆషాఢం

ఊళ్ళో మందులిచ్చే ఆయన బీపీ అన్నాడు. నాయుడుపేటలో ఒక డాక్టరు మెడ ఎముకలు అరిగాయన్నాడు. ఇంకొకాయన తలకు స్కానింగ్ రాశాడు. ఆ గొట్టంలోకి పంపడానికి నన్ను పడుకోబెట్టినప్పుడు మళ్ళీ తిరుగుడు వచ్చి కేకలు పెట్టాను. భయస్తుడు అనుకుని అక్కడి మనిషి విసుక్కున్నాడు. ఫలితం చూసి డాక్టరు సంతోషంగా చెప్పాడు. "మెదడు శుభ్రంగా ఉంది. మీకేమీ లేదు."

మీకేమీ లేదు అన్న మాట వినడానికి ఎంత బాగుంటుందో, ఇంటికి తెచ్చుకుంటే అంత విషమవుతుంది. ఏమీ లేనివాడు ఎందుకు పడతాడు? ఏదో ఉన్నట్టేగా! నాకేమీ లేదని డాక్టరే రాసిచ్చాక కాంతమ్మకు మిగిలింది ఒకే ఒక్క కారణం.

తిరుగుడుకని ఇచ్చిన మాత్రలు ఇంకో మేలు చేశాయి. తిరుగుడు ఆగలేదు గానీ ఎప్పుడూ మత్తుగా ఉండేది. కళ్ళు వాలిపోయేవి, మాట నెమ్మదించేది. తల కదపకుండా నడవాలని మెడ బిర్రబిగించి, కాళ్ళు ఎడంగా వేసి నడిచేవాణ్ణి. ఆ నడక ఎలా ఉంటుందో మా ఊళ్ళో పుట్టిన ప్రతివాడికీ తెలుసు. నాన్నను చూసిన వాళ్ళకు మరీ తెలుసు.

ఆ రోజుల్లోనే కాంతమ్మ నా నోరు వాసన చూడడం మొదలుపెట్టింది. సాయంత్రం నేను ఇంట్లోకి రాగానే ఏదో పని ఉన్నట్టు దగ్గరికి వచ్చేది. ఊపిరి లోపలికి పీల్చేది. వెళ్ళి అన్నం పెట్టేది. నేనేమో చిన్నప్పుడు వాసన పట్టడానికి నాన్న ముందు ఇలాగే నిలబడేవాణ్ణి. ఇంత వయసు వచ్చాక నన్నే నిలబెట్టి చూస్తుంటే, కొట్టినా బాగుండేదనిపించింది.

ఒకరోజు అడిగేశాను. "వచ్చిందా వాసన?"

"నేను వాసన చూళ్ళేదే," అన్నది, కళ్ళు దించుకుని.

"అమ్మతోడు కాంతా, నేను తాగలా."

"మీ నాయన గూడా మీ అమ్మకి ఇదే చెప్పేవోడంట."

వినాయక చవితి దాటాక

వంతులు తేల్చే రోజు ఊరి పెద్ద కోటయ్య మామ నా పేరు దగ్గర ఆగాడు. చెడ్డ మనిషి కాదు. మా నాన్న పోయినప్పుడు పాడె మోసినవాడు. అందుకే మరీ కాలింది నాకు.

"శీనయ్యా, నీ మీద మాటొచ్చింది. పడవలో పడినావు, నలుగురూ చూసినారు. నువ్వేమంటావు?"

"జబ్బు మామా. తల తిరగతాది."

"డాక్టర్లు ఏమీ లేదన్నారంట గదా?"

బావ తల దించుకున్నాడు. ఆ మాట ఎవరు చేరవేశారో నాకు అర్థమైంది. ఒళ్ళు మండింది. అప్పుడు నా నోటితో నేనే అన్నాను, ఎవరూ అడగకముందే.

"అట్లయితే గంగమ్మ ముందర ప్రమాణం చేస్తా. తడిగుడ్డలతో కర్పూరం ఆర్పి చెప్తా. అప్పుడన్నా నమ్మతారా?"

"అమ్మ ముందర చెప్పినాక ఇంకేముండాది? నమ్మతాం," అన్నాడు మామ. చాలామంది మొహాలు తేలికపడ్డాయి. కాంతమ్మ మొహం కూడా. నేను దోషిని కాదని తేలితే బాగుండునని వాళ్ళంతా నిజంగానే కోరుకున్నారు. ఆ సంగతి తలుచుకుంటే నాకిప్పుడు ఇంకా చేదుగా ఉంటుంది.

మరునాడు పొద్దున్నే సరస్సులో మునిగి, తడి పంచెతో గుడి దాకా నడిచాను. ఊరు ఊరంతా వచ్చింది. అరచేతిలో కర్పూరం వెలిగించారు. "నేను తాగి పడవ ఎక్కలేదు, తాగనే లేదు" అని గట్టిగా చెప్పి చేయి మూసి ఆర్పాను. చేయి కాలింది, తెలియనే లేదు. అంత నిజం నేను జీవితంలో ఎప్పుడూ పలకలేదు. ఇంకొక్క పని మిగిలింది. మోకాళ్ళ మీద వంగి, అమ్మ గడపకు నుదురు ఆనించి లేవాలి.

తల వంచితే ఏమవుతుందో నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ నిమిషంలో నాకు జబ్బు గుర్తే లేదు. నిజం చెప్పినవాణ్ణి అమ్మ ఎందుకు పడనిస్తుంది అనుకున్నానేమో కూడా. వంగాను. నుదురు రాతికి తగిలేలోపే గుడి మొత్తం కుడికి తిరిగిపోయింది. గడప మీద పక్కకు కూలి, పూలూ పసుపూ మీద వాంతి చేసుకున్నాను.

తిరుగుడు ఆగి కళ్ళు తెరిచేసరికి నా చుట్టూ జాగా ఖాళీగా ఉంది. కోటయ్య మామ చేతులు జోడించి ఉన్నాడు, నాకు కాదు, అమ్మకు.

"అమ్మ చెప్పేసింది," అన్నాడు.

కాంతమ్మ పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తూ ఇంటి వైపు వెళ్ళిపోయింది. లేపడానికి రమణయ్య బావ ఒక్కడే వచ్చాడు. ఈసారి వాసన చూడలేదు. ఇక చూడవలసిన అవసరం లేకపోయింది.

కార్తీకం

వంతు పోయింది. నేను తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల మీద మేత చల్లే పనికి కుదిరాను. రొయ్యను పట్టే కులంలో పుట్టి రొయ్యకు మేత వేసే పని. గట్టు మీద నడుస్తూ ఒకరోజు గుంటలోకి జారబోతే గుంట యజమాని చూసి, చచ్చి తన మెడకు చుట్టుకుంటానని భయపడి నెల్లూరు పెద్దాసుపత్రికి పంపాడు. దయ కాకపోయినా దాని వల్లే నాకు మేలు జరిగింది.

అక్కడ మళ్ళీ తల డాక్టరు గది ముందే కూర్చున్నాను. ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నవాళ్ళకు తెలుసు, అక్కడ కాలం కదలదు, తలుపు దగ్గరి మనిషి ఒక్కడే కదులుతాడు. పక్కన బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, భర్తకు పక్షవాతం వస్తే చూపించడానికి వచ్చింది. నేను వాటర్ బాటిల్ తీయడానికి వంగి, ఉలిక్కిపడి బెంచీ పట్టుకోవడం చూసింది.

"వంగితే వస్తుండాదా నాయనా?"

"అవునమ్మా."

"పడుకోని పక్కకి తిరిగితే?"

ఇన్ని నెలల్లో ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడ. తల ఊపలేను గదా, చేత్తోనే అవునన్నాను.

"నాకూ వచ్చిందిలే, నారు పీకతా పడిపోయినా. ఇది ఈ డాక్టరు పని గాదు. చెవి డాక్టరమ్మ ఆ చివర గదిలో ఉంటాది, ఆడికి పో. ఈడ నీ జాగా నేను చూస్తుంటాలే, కాకపోతే మళ్ళీ వద్దువు." తన దగ్గరున్న మజ్జిగ సీసా కూడా చేతిలో పెట్టింది. ఆవిడ పేరు అడగలేదు. అడిగి ఉండవలసింది.

చెవి డాక్టరమ్మ చిన్న వయసు మనిషే. నేను చెప్పడం పూర్తయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది, తల బల్ల అంచు కిందికి వేలాడేటట్టు. లోకం బద్దలైంది. నేను అరుస్తుంటే ఆమె నా కళ్ళలోకే చూస్తూ "కళ్ళు మూయకండి, అదే కావాలి నాకు" అంది. కాసేపు అలాగే ఉంచి తల ఎడమకు తిప్పింది. ఆగింది. పక్కకు ఒత్తిగిల్లమంది, మొహం నేలవైపు పెట్టమంది. మళ్ళీ ఆగింది. తర్వాత లేపి కూర్చోబెట్టింది. కాసేపాగి ఇంకొకసారి అదంతా చేసింది. ఈసారి తల వెనక్కి వేలాడేసినా పైకప్పు కదలలేదు. పెచ్చులూడిన సున్నం, ఒక బల్లి, ఉన్నవి ఉన్నచోటే ఉన్నాయి.

అప్పుడు చెప్పింది. చెవి లోపల, వినే భాగం పక్కనే, తల ఎటు వంగిందో కనిపెట్టే భాగం ఒకటి ఉంటుందట. అక్కడ సున్నపు పొడిలాంటి సన్నని నలుసులు ఒక మెత్తటి పొర మీద అంటుకుని ఉంటాయట. ఒక్కోసారి అవి ఊడి పక్కనున్న సన్నటి నీళ్ళ గొట్టంలోకి పోతాయి. మనం తల ఆపినా అవి జారుతూ ఆ నీళ్ళను కదిలిస్తాయి. తల ఇంకా తిరుగుతోందని చెవి చెబుతుంది. లేదు, కదలడం లేదని ఒళ్ళు చెబుతుంది. మెదడు చెవి మాటనే నమ్మి కళ్ళను పరుగులు పెట్టిస్తుంది. ఇల్లు తిరిగేది అందుకే. తలను వరసగా తిప్పితే నలుసు వచ్చిన దారినే బయటికి జారిపోతుంది. అంతే.

"ఎందుకు ఊడింది మేడమ్?"

"దెబ్బ తగిలి ఊడొచ్చు, వయసు వల్ల ఊడొచ్చు. చాలామందిలో కారణం తెలియదు. మళ్ళీ వచ్చినా రావచ్చు. వస్తే రండి, మళ్ళీ తిప్పుదాం."

నేను ఏడుస్తుంటే ఆమె కంగారుపడింది. "తగ్గింది కదండీ, ఎందుకు ఏడుస్తున్నారు?"

ఏం చెప్పను? తగ్గినందుకే ఏడుస్తున్నాను. వంతు పోయింది, పరువు పోయింది, పెళ్ళాం కళ్ళలో మా నాన్ననయ్యాను. ఇదంతా చేసింది కంటికి కనపడని నలుసు. దాన్ని సర్దడానికి ఒక కప్పు టీ తాగేంత సేపు పట్టింది. కోసి, కుట్టి, నెలలు పడుకోబెట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో.

చదివేవాళ్ళకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. పక్క మీద తిరిగితే, తల ఎత్తితే, వంచితే మీకు ఇల్లు తిరిగి కాసేపటికే ఆగిపోతుంటే చెవి డాక్టరును అడగండి. తిరుగుడుతో పాటు మాట తడబడినా, మూతి వంకరపోయినా, చేయో కాలో పట్టు తప్పినా ఏ గదికని వెతక్కుండా పరుగెత్తండి, అది వేరే జబ్బు. ఇంట్లో ఎవరైనా ఇల్లు తిరుగుతోందంటే ముక్కు దగ్గర పెట్టి వాసన చూడకండి. ఎప్పుడు తిరుగుతోందని అడగండి.

వానలు వెలిశాక

నేను ఊరికి ఉత్సాహంగానే వెళ్ళాను. అంతా చెప్పాను, గుడి ముందు అరుగు మీద, చేతులు తిప్పి తిప్పి. నలుసు, గొట్టం, నీళ్ళు. శ్రద్ధగానే విన్నారు. ఆఖరికి కోటయ్య మామ అడిగాడు.

"సూది ఏసినారా?"

"లేదు మామా."

"మాత్రలు?"

"అవసరం లేదన్నారు."

"అటూ ఇటూ తిప్పినారు, పోయింది. అంతేనా?"

"అంతే."

మామ నవ్వలేదు. జాలిగా చూశాడు. "అంత తేలిగ్గా పోయేది జబ్బెట్లా అవతాది శీనయ్యా? సరేలే. మనిషి తేరుకున్నావు, కళ్ళు తేటగా ఉండాయి, మాట నిలకడగా ఉండాది. మానేసినావు. మాకు అదే కావాల. అమ్మ ముందర ఇంక తాగనని చెప్పు. వచ్చే వంతుల్లో నీ పేరు పెడతాం."

నేను కాంతమ్మ వైపు చూశాను. ఆమెకు ముందు రోజే అంతా చెప్పాను. ఓపిగ్గా విని, "అట్లయితే ఆ పొద్దు అమ్మ అబద్ధం చెప్పిందంటావా?" అని అడిగింది. నన్ను నమ్మాలంటే ఆమె గంగమ్మను కాదనుకోవాలి. రోజూ మొగుడు నీళ్ళ మీదికి పోయే ఆడది ఆ పని ఎలా చేస్తుంది? ఆ చెవి నలుసు నా మెదడుకు చేసిందే, గడప మీద నేను పడడం ఊరికి చేసింది. కళ్ళారా చూసిన సాక్ష్యం. దాన్ని మించి ఎవరి మాటా చెల్లలేదు.

కాదని వెళ్ళిపోవచ్చు. గుంటల మీద మేత చల్లుకుంటూ, నిజం చెప్పినవాడిగా బతకొచ్చు. రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు తడి పంచెతో గుడికి నడిచాను. "ఇక మీదట తాగను తల్లీ" అని గట్టిగా చెప్పి కర్పూరం ఆర్పాను. పోయినసారి చెప్పింది నిజం, ఈసారి చెప్పింది అబద్ధం. ఎన్నడూ ముట్టనిదాన్ని మానేస్తానన్నాను. మా నాన్న కూడా ఈ ప్రమాణం చేశాడు, ఇదే గడప మీద.

వంగి నుదురు రాతికి ఆనించాను. ఏదీ తిరగలేదు. లేచి నిటారుగా నిలబడ్డాను. వెనక నుంచి ఆడవాళ్ళు "తల్లీ గంగమ్మా" అన్నారు. బావ వచ్చి కౌగిలించుకున్నాడు.

ఇప్పుడు నాకు వంతు ఉంది, పడవ ఉంది. ఊళ్ళో మంచి పేరు కూడా ఉంది. మొన్న ఒకామె మొగుణ్ణి చెయ్యిపట్టి లాక్కొచ్చి, "శీనన్నా, ఎట్లా మానినావో ఈయనకి చెప్పన్నా" అని అడిగింది. పక్కకి తిరిగితే ఇల్లు తిరగతాదా అని అతన్ని అడిగాను. లేదన్నా, తాగితేనే తిరగతాది అన్నాడు.

ప్రతి పొద్దునా మెలకువ రాగానే ఎడమ నుంచి కుడికి, మెల్లగా, దూలం మీద కన్ను వేసి తిరుగుతాను. అది కదలదు. కుడి పక్కన కాంతమ్మ అప్పటికే మేలుకుని నన్నే చూస్తూ ఉంటుంది. సాయంత్రాలు ఇప్పుడు నా దగ్గరికి వచ్చి ఊపిరి పీల్చడం లేదు. నా చెంప మీద చేయి వేసి, నిజమైన ప్రేమతో అంటుంది.

"తాగకుంటే ఎంత బాగుండావో చూడు."